చప్పుడు లేని ఆదివారం

ఆ ఆదివారానికి నర్సింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే స్టేషనుకు పోయి, సికింద్రాబాద్ నుంచి వచ్చే వదిననూ ఆమె భర్తనూ తీసుకురావాలి. కోటంతా తిప్పి చూపించాలి. మధ్యాహ్నం మాంసం కూరతో అన్నం పెట్టాలి. సాయంత్రం మళ్లీ బండి ఎక్కించేలోగా "ఇక్కడనే ఉంటం" అనే మాట వాళ్ల నోట అనిపించాలి. ఇదంతా జరగాలంటే ఆ ఒక్క పూట ఊళ్లో చప్పుడు ఉండకూడదు.

నర్సింగం ఇల్లు వరంగల్ కోట లోపలి ఊళ్లో ఉంది. జంపఖానాలు నేయడం అతని పని. కింద మగ్గం, వంటిల్లు. పైన నూలు దాచుకోవడానికి కట్టుకున్న మేడగది. నూలు సొసైటీ గోదాములోనే పెట్టడం మొదలయ్యాక ఆ గది ఖాళీగా పడి ఉంది. దాని కిటికీ తెరిస్తే పొలాల అవతల రాతి తోరణాలు కనిపిస్తాయి. నర్సింగం వాటిని చూడ్డం ఎప్పుడో మానేశాడు. అతని భార్య శ్యామలమ్మకు మాత్రం ఆ గది మీద గంపెడాశ. ఆమెకున్నది ఒక్క అక్క, లక్ష్మీనర్సమ్మ. పెళ్లిళ్లయ్యాక ఆ ఇద్దరూ కలుసుకున్నదల్లా ఎవరి పెళ్లిలోనో, ఎవరి చావులోనో. బావ రిటైరయ్యాడనీ, ఊరు మారే ఆలోచనలో ఉన్నాడనీ తెలిసినప్పటి నుంచి శ్యామలమ్మ ఆ గదిని రోజూ ఊడుస్తోంది.

ఆ బావ పేరు ఎల్లస్వామి. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా పనిచేశాడు. ఆయన క్వార్టరు గోడ పక్కనే షంటింగు యార్డు. పగలనక రాత్రనక డబ్బాలు ఢీకొట్టుకునే చప్పుడులోనే కాపురం చేశాడు, చివరికి బీపీ తెచ్చుకున్నాడు. డాక్టరు ప్రశాంతంగా ఉండే చోటు చూసుకోమన్నాడు. పాత రాళ్లన్నా రాజుల కథలన్నా ఆయనకు మొదటి నుంచీ ఇష్టమే కాబట్టి కోటలో గది అనగానే మొగ్గు చూపాడు. అయితే, "ముందుగాల ఒక్కదినం వచ్చి చూస్త. చప్పుడుంటె మాత్రం ఘట్‌కేసర్‌ల ప్లాటు కొంట" అని ముందే చెప్పి పంపాడు.

నర్సింగానికి మెలకువ వచ్చేసరికి తెల్లవారలేదు కానీ మైకు మోగుతోంది. పక్కింటి పెద్దులు మనవడికి ఆ రోజే పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. వేపచెట్టుకు కట్టిన రెండు మైకు బూరల్లో ఒకటి సరిగ్గా నర్సింగం మేడ మీదికే తిరిగి ఉంది. మైకుసెట్టు మొగిలి కుర్చీ వేసుకుని కూర్చుని, రికార్డు మీద రికార్డు మారుస్తున్నాడు.

"ఎట్లనయ్యా ఇప్పుడు? బావ గీ చప్పుడు వింటె గడపల కాలు పెడ్తడా?" అంది శ్యామలమ్మ.

"ఫికర్ చెయ్యకు. పెద్దులన్నకు నేను చెప్తగద" అని నర్సింగం చెప్పులేసుకున్నాడు.

పెద్దులు వాకిట్లో నిలబడి వంటవాళ్లకు పొయ్యి ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. మనిషి గొంతు పెద్దది, మనసు మెత్తన. నర్సింగం మైకు సంగతి ఎత్తగానే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"మనుమని పండుగ తమ్మీ. మైకు లేకుంటె ఊరోళ్లు ఏమంటరు?"

మా సడ్డకుడికి, అంటే మా తోడల్లుడికి, చప్పుడు పడదని చెబితే పట్నమోళ్ల నఖరాలని నవ్వుతారు. అందుకని నర్సింగం నిజాన్ని కాస్త వంచాడు.

"మా సడ్డకునికి పానం బాగలేదన్నా. చప్పుడు వింటె గుండె పట్టుకుంటది. డాక్టరు మరీమరీ చెప్పిండు."

పెద్దులు కళ్లు పెద్దవయ్యాయి. "గీ మాట ముందుగాల చెప్పద్దా? మనిషి పానం కన్న పాటలెక్కువనా? బందు చేయిస్త, నువ్వు పో. ఈ ఒక్క పాట మాత్రం కానీ. నడిమిట్ల ఆపితె మంచిగుండదు."

పని ఇంత తేలిగ్గా అయినందుకు సంతోషపడుతూ నర్సింగం ఇంటికి తాళం వేసి, భార్యను రిక్షా ఎక్కించుకుని స్టేషనుకు బయలుదేరాడు. సడ్డకుడు ఇంకా రైల్లోనే ఉన్నాడని పెద్దులుకు చెప్పలేదు. పెద్దులూ అడగలేదు. రోగి నర్సింగం ఇంట్లోనే పడుకుని ఉన్నాడనుకున్నాడు.

పాట అయిపోయింది. మైకు కట్టేయమని పెద్దులు చెప్పాడు. కానీ మొగిలి ఎన్నో పెళ్లిళ్లలో చదివింపులు చదివిన మనిషి. కారణం చెప్పకుండా పాటలాపడం పద్ధతి కాదనిపించింది. గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు.

"ఊరి పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. మన నర్సింగం గారి సడ్డకులు, సికింద్రాబాద్ వాస్తవ్యులు, రైల్వే ఎల్లస్వామి గారి పానం..."

కరెంటు పోయింది.

పండుగ ఇంట్లో పాట ఆగి, ఒక మనిషి పేరు వినిపించి, ఆ పేరు పక్కన పానం అనే మాట వినిపించి, ఆపైన అంతా చడీచప్పుడు లేకుండా పోతే ఎవరైనా ఏమనుకుంటారు? ఎదురింటి లింగమ్మ చేటలోని బియ్యం పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సింగం వాకిట్లోకి వచ్చి చూస్తే తాళం. "దవాఖానకు తీసుకపోయినట్టున్నరు. ఆడికి పోయేదాక కూడ పానం ఆగలేదు కావచ్చు" అంది. అది వినగానే పెద్దులు గోడకు చేరగిలబడ్డాడు. నర్సింగం వచ్చి అడిగినప్పుడే ఆపి ఉంటే మనిషి బతికేవాడు. తను ఒక్క పాట కానిమ్మన్నాడు. ఆ ఒక్క పాటే తీసుకుపోయింది.

పండుగ ఆపేయమన్నాడు. మనవడి ఊరేగింపుకు పిలిపించిన డప్పులవాళ్లను వెనక్కి పోవద్దని, నర్సింగం ఇంటి ముందు ఉండమని చెప్పాడు. అక్కచెల్లెళ్లకు పుట్టింటి తరఫున పెద్దదిక్కుగా మిగిలింది వర్ధన్నపేటలో ఉండే చిన్నమ్మ పూలమ్మ ఒక్కతే అని ఎవరో అంటే, అప్పటికప్పుడు ఒక మనిషిని బస్సెక్కించాడు. పోయినవాణ్ణి తిరిగి తేలేడు. చేయగలిగిందైనా లోటు లేకుండా చేద్దామనుకున్నాడు.

ఆ సమయానికి ఎల్లస్వామి వరంగల్ స్టేషనులో దిగి, తమ్ముడి వరసైన నర్సింగం భుజం మీద చెయ్యేసి, ఊపిరి బలంగా పీల్చుకుంటున్నాడు. రెండు రిక్షాలు కోటవైపు సాగాయి. రాతి దర్వాజా దగ్గరికి వచ్చేసరికి ఆయన రిక్షా ఆపించాడు. ఎత్తయిన గోడ మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. రాతి మీద ఏనుగును చెక్కినవాడి ఉలి దెబ్బలు ఇంకా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడా మైకు లేదు.

"తమ్మీ, ఇంత నిమ్మలంగ ఉంటదని నువ్వెప్పుడు చెప్పకపోతివి" అన్నాడు.

"ఎప్పటికి గిట్లనే ఉంటదన్నా" అన్నాడు నర్సింగం, రోడ్డు మీద చూపు పెట్టి.

ఎల్లస్వామి అక్కడే దిగిపోయాడు. "నాకీడ మంచిగున్నది. మీరు పోండ్రి" అని ఆడవాళ్లను పంపించేసి, నర్సింగాన్ని వెంటబెట్టుకుని నడక మొదలుపెట్టాడు. శ్యామలమ్మ మాంసం కొట్టు దగ్గర దిగి, తాళంచెవి అక్క చేతికిచ్చింది. ఆదివారం కాబట్టి అక్కడ జనం బాగా ఉన్నారు. అలా లక్ష్మీనర్సమ్మ ఒక్కతే, సంచీతో, చెల్లెలి ఇంటి ముందు రిక్షా దిగింది.

వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. శ్యామలమ్మ పోలికలతో, పక్కన భర్త లేకుండా దిగిన మనిషిని చూడగానే లింగమ్మ ఎదురొచ్చి మెడను కావలించుకుని రాగం తీసింది. చాలా రోజులకు కలిసిన ఆడవాళ్లు పట్టుకుని నాలుగు మాటలు ఏడ్వడం ఆ వైపు ఉన్నదే. అటువంటి ఏడుపు సికింద్రాబాద్ క్వార్టర్లలో లక్ష్మీనర్సమ్మకు దొరికి ఎన్నేళ్లో అయింది. తల్లి గుర్తొచ్చింది. ఆమె కూడా మనసారా ఏడ్చింది.

"ఎంత పనాయె బిడ్డా" అంది లింగమ్మ.

"ఎన్నేండ్లాయెనో అవ్వా" అంది లక్ష్మీనర్సమ్మ.

"మంచిగున్న మనిషేనట గద?"

"మంచిగనే ఉండె. మొన్నీమధ్యనే బీపీ పట్టుకున్నది."

"చప్పుడుకే అయిందంటాండ్లు?"

"చప్పుడుకే అవ్వా. రాత్రీ పగలు ఒక్కటే మోత. ఆ చప్పుడే తిన్నది ఆయనను."

గోడ అవతల నిలబడి వింటున్న పెద్దులు తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఆఖరికి ఏమన్న అన్నడా బిడ్డా?"

ఆఖరికంటే ఇందాక విడిపోయేటప్పుడు అన్నమాట అనుకుంది లక్ష్మీనర్సమ్మ. కళ్లు తుడుచుకుంటూ, "నాకీడ మంచిగున్నది, మీరు పోండ్రి అన్నడు" అని చెప్పింది.

"ఎంత నిమ్మలంగ పోయిండమ్మా" అంది వెనక నుంచి ఒక ముసలామె. అందరూ మరోసారి గొల్లుమన్నారు. ఇంత ప్రేమగా చూసుకునే ఊరు ఇంకెక్కడ దొరుకుతుందని లక్ష్మీనర్సమ్మ మనసులో అప్పుడే మేడగదిలో సామాను సర్దుకుంది.

కోట నడుమ తోరణాల మధ్య ఎల్లస్వామి కూడా అదే పనిలో ఉన్నాడు. విరిగిపడిన స్తంభాల మీద ఎవరివో జంపఖానాలు ఆరేసి ఉన్నాయి. చెక్కిన నంది నీడలో రెండు మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. పొలంలో నీళ్లు పారుతున్న సన్నటి సవ్వడి తప్ప ఇంకేమీ లేదు. ఒక్కో రాయి దగ్గరా ఆగి, చేత్తో తడిమి, "ఇది చూసినవా తమ్మీ, హంస ముక్కు ఎట్ల చెక్కిండో" అని చూపిస్తుంటే, నర్సింగం అక్కడే పుట్టి పెరిగి కూడా ఆ హంసను అప్పుడే మొదటిసారి చూశాడు. చిన్నప్పుడు ఎక్కి దూకిన రాళ్లన్నీ ఎవరో కొత్తగా తెచ్చి పెట్టినట్టు అనిపించాయి. బాగానే ఉందే మా ఊరు అనుకున్నాడు.

ఎల్లస్వామి మెడలో కెమెరా ఉంది. ఎండ తగ్గాక అందరం తోరణం దగ్గర నిలబడి ఒక ఫొటో తీసుకుందామన్నాడు. ఆయన ఫొటోకు సరైన చోటు వెతుక్కుంటూ అటు పోయినప్పుడు, నర్సింగంతో పాటు సొసైటీకి నేసే యాకయ్య సైకిల్ దిగి గబగబా వచ్చాడు. వచ్చి నర్సింగం చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఇప్పుడే తెలిసింది. ఈడ ఒక్కనివే కూసున్నవా తమ్మీ? ధైర్యం చెడద్దు. ఎప్పుడు తీస్తరు?"

సడ్డకుడు వచ్చిన సంగతీ ఫొటో సంగతీ అప్పుడే ఊరంతా పాకినందుకు నర్సింగం ఆశ్చర్యపోయాడు. ధైర్యం మాట మాత్రం అర్థం కాలేదు.

"అన్నాలు తిని, ఎండ జర తగ్గినంక తీస్తం."

"అన్నాలు తినా?" యాకయ్య గొంతు పడిపోయింది. "సరే, పట్నపోళ్ల పద్ధతి ఎట్లుంటదో. మరి ఏడికి?"

"ఈడికే. తోరణం కిందనే."

"సర్కారోళ్లు ఒప్పుకుంటరా?"

"ఎందుకొప్పుకోరు? వచ్చినోళ్లంత ఈడనే గద తీసుకునేది."

యాకయ్య తోరణాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "కూసోబెట్టా, పండబెట్టా?"

"పండబెట్టుడెందుకు? నడుమ అన్నను కుర్సీల కూసోబెడ్తం. చుట్టూర మేమంత నిలబడ్తం. నువ్వు కూడ రారాదు?"

యాకయ్య వస్తానని తలూపి, సైకిలెక్కి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయాడు. నర్సింగానికి దుఃఖంతో మతి చలించిందని దారిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. దాంతో ఇంకా రానివాళ్లు కూడా బయలుదేరారు.

శ్యామలమ్మ మాంసం తీసుకుని సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ఊరంతా ఉంది. నడుమ కూర్చుని అక్క ఏడుస్తోంది. బావ బీపీ మనిషి, ఎండలో పడి తిరుగుతున్నాడు. శ్యామలమ్మ చేతిలోని సంచి అక్కడే జారిపోయింది. "బావా" అని అరుస్తూ వచ్చి అక్క మీద పడింది.

చెల్లెలు బజారు నుంచి కొత్త కబురు తెచ్చిందనుకుంది లక్ష్మీనర్సమ్మ. అప్పటిదాకా సరదాగా ఏడుస్తున్న మనిషి తెల్లబోయింది. "ఏమైందే? ఇప్పుడే గద మంచిగ నడుసుకుంట పోయిండు" అని నిజంగా ఏడ్వసాగింది. ఇక కాదనడానికి ఆ వాకిట్లో ఎవరూ మిగల్లేదు.

మధ్యాహ్నానికి వర్ధన్నపేట బస్సు దిగి పూలమ్మ వచ్చింది. ఆమెకూ ఎల్లస్వామికీ చాలా ఏళ్లుగా మాటల్లేవు. కొడుకు పెళ్లిలో ఎల్లస్వామి డప్పులవాళ్లను కాస్త దూరంగా కొట్టుకోమన్నాడని ఆమె కోపం. ఇప్పుడు వీధి మొదట్లోనే జుట్టు విప్పుకుని ఏడుపు ఎత్తుకుంది. ఆమె రావడం చూసి డప్పులవాళ్లు కూడా అందుకున్నారు.

ఆ చప్పుడు పొలాల మీదుగా తోరణాల దాకా వచ్చింది. ఎల్లస్వామి తలెత్తాడు. పెద్దులు మాట తప్పాడు, ఇంకేం మిగిలింది అనుకున్నాడు నర్సింగం. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

సందులోకి వచ్చి జనాన్ని చూడగానే ఎల్లస్వామికి సంగతి అర్థమైంది. అంటే, సగం అర్థమైంది. "ఎవరో కాలం చేసిండ్లు తమ్మీ. రేపటి సంది ఇదే ఊళ్లె ఉండేటోణ్ణి. చూడకుంట ఇంట్లకెట్ల పోత?" అని, గోడ పక్కన బల్ల మీద కూర్చున్న ముసలి గట్టయ్య పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. చనిపోయింది ఎవరో తెలుసుకుందామని నర్సింగం జనంలోకి దూరాడు.

"ఎవరు పోయింది పెద్దయ్యా?" అడిగాడు ఎల్లస్వామి.

"నర్సింగం సడ్డకుడు. రైల్వేల చేసిండట."

ఎల్లస్వామి ఆలోచించాడు. నర్సింగం భార్యకు ఉన్నది ఒక్క అక్క. ఆ అక్కకు ఉన్నది ఒక్క మొగుడు. ఎటునుంచి చూసినా లెక్క మారలేదు.

"మీరెరుగుదురా ఆయనను?" అన్నాడు నెమ్మదిగా.

"నేనేడ ఎరుగుదు? మొకం కూడ చూడలే."

"మరి తిండి మానుకుని ఎండల కూసున్నరు?"

గట్టయ్య ఆయనవైపు వింతగా చూశాడు. "ఊళ్లెకొచ్చి పోయినోడు మన మనిషే గదా. ఒక్కణ్ణి పంపిస్తమా?"

క్వార్టర్లలో పక్కింటి గార్డు చనిపోతే, గోడ ఒకటే అయినా ఎల్లస్వామికి తెలిసింది కర్మకాండలయ్యాకనే. ఇంతలో నడుమ నుంచి పూలమ్మ గొంతు పైకి లేచింది.

"బంగారమసొంటి అల్లుడా, నువ్వు నా కొడుకు పెండ్లిల మంచి మాటనే అంటివి. నేను పాపిష్టిదాన్ని, తప్పు పట్టుకుంటి. నీ అసొంటి అల్లుడు ఏ అత్తకన్న దొరుకుతడా, ఒక్క మాటన్న మాట్లాడక పోతివి..."

తన గురించి ఇంత మంచిగా ఎవరైనా మాట్లాడగా ఎల్లస్వామి ఎన్నడూ వినలేదు. కూర్చోలేక లేచి, జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు.

"నేనైతె ఎప్పుడన్న మాట్లాడుదుననే ఉన్న అత్తా. నువ్వే మొకం తిప్పుకుంట పోతివి" అన్నాడు.

డప్పులు ఆగిపోయాయి. పూలమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. లింగమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. లక్ష్మీనర్సమ్మ మాత్రం లేచి వచ్చి, భర్త ముంజేయి గట్టిగా పట్టి చూసి, "ఏడికి పోయినవయ్యా? ఈడ ఊరంత నీ కోసం ఏడుస్తాంటె" అని కోప్పడింది.

ఎవరు ఎవరికి చెప్పారో, ఎవరు ఎక్కడ విన్నారో తేలడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో ముడీ విప్పుకుంటూ పోతే చివరికి అందరి చూపూ నర్సింగం మీద ఆగింది. అతను తల వంచుకుని ఉన్న సంగతి చెప్పాడు. "నీకు చప్పుడు పడదని నేనే మైకు బందు పెట్టించిన అన్నా. ఈ ఊళ్లె రోజూ ఏదో ఒక చప్పుడు ఉంటనే ఉంటది. శ్యామల మీరొస్తరని ఆశపడ్డది, అందుకని అబద్ధమాడిన." ఘట్‌కేసర్ ప్లాటు అతని కళ్ల ముందు కనిపించింది. శ్యామలమ్మ అక్క కొంగు పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

పెద్దులు చేతులు జోడించి ముందుకొచ్చాడు. ఎల్లస్వామిని పైనుంచి కిందిదాకా చూసుకుని, బతికే ఉన్నాడని రూఢి చేసుకుని, కళ్లు తుడుచుకున్నాడు. "మా ఇంట్ల అన్నం చెయ్యించిన, ఎవ్వరు ముట్టలే. మీరొచ్చి కూసుంటెనే మనుమని పండుగ" అన్నాడు.

"వస్తగని," అన్నాడు ఎల్లస్వామి, "నన్ను సంపిన పాట ఏదో, అది ముందుగాల వెయ్యమను. వింట."

కరెంటు ఎప్పుడో వచ్చింది. మొగిలి రికార్డు తీసి తుడిచి పెట్టాడు. రెండు బూరలూ ఒక్కసారి అందుకున్నాయి. దానికి పోటీగా డప్పులవాళ్లు కొత్త దరువు మొదలుపెట్టారు. ఆ మోతలోనే భోజనాల బంతి సాగింది. ఎల్లస్వామి ఒక పక్కన గట్టయ్యనూ ఇంకో పక్కన యాకయ్యనూ కూర్చోబెట్టుకుని, రెండుసార్లు కూర వేయించుకున్నాడు. వచ్చే నెల మొదట్లో సామాను తెస్తానని, మేడగదికి సున్నం వేయించి పెట్టమని నర్సింగానికి చెవిలో అరిచి చెప్పవలసి వచ్చింది. నర్సింగానికి ఒక పట్టాన వినపడలేదు. వినపడ్డాక కూడా మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. వడ్డిస్తున్న శ్యామలమ్మ అక్కడే గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

ఎండ తగ్గాక అందరూ తోరణం దగ్గరికి పోయారు. ఎల్లస్వామిని నడుమ కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశారు.

చచ్చిపోయాడనుకుని అన్న మాటలన్నీ వాపసు తీసుకుంటున్నానని శ్యామలమ్మకు చెప్పి, పూలమ్మ సాయంత్రం బస్సుకు వర్ధన్నపేట వెళ్లిపోయింది.